గద బరువెంత?

వేదిక మీద నటుడి చెయ్యి తగిలే ప్రతి వస్తువూ ప్రాపర్టీయే. దుస్తులు వేరు, తెరలూ కట్టడాలూ వేరు, లైట్లు వేరు. ఈ మూడింట్లోకీ రాకుండా మిగిలినదంతా, సింహాసనం మొదలు కుంకుమ భరిణె దాకా, ప్రాపర్టీ చూసేవాడి నెత్తినే ఉంటుంది. వాటిలో కదలకుండా ఒకచోట ఉండేవి కొన్ని: మంచం, బల్ల, గోడగడియారం. నటుడి చేతిలో తిరిగేవి కొన్ని: కర్ర, చెంబు, ఉత్తరం. ఒక్క ఆటతో చెల్లిపోయేవి ఇంకొన్ని: పగలాల్సిన కుండ, చించాల్సిన కాగితం, తినాల్సిన అరటిపండు. ఈ చివరి రకాన్ని ఎన్ని ఆటలుంటే అన్ని తెచ్చుకోవాలి. కొత్తగా పనిలోకి వచ్చినవాడు దొరికిపోయేది సాధారణంగా ఇక్కడే. రిహార్సల్లోనే కుండలన్నీ అయిపోతాయి, అసలు ఆట నాటికి కుమ్మరి దొరకడు.

పని ఎలా ఉంటుందో తెలియాలంటే ‘కన్యాశుల్కం’ చూస్తే చాలు. ఈ నాటకాన్ని 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. ఇప్పుడు అందరూ చదివేదీ ఆడేదీ గురజాడ 1909లో పెంచి రాసిన ప్రతి. అందులో మొదటి అంకంలోనే మధురవాణి ఇంట్లో ఒక మంచం ఉంది. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వస్తుంది. అప్పటికే రామప్పంతులు మంచం కింద ఉంటాడు, గిరీశమూ అక్కడికే దూరతాడు, దెబ్బలు పంతులికి పడతాయి. చదివేవాడికి ఇది నవ్వు. ప్రాపర్టీవాడికి మాత్రం ఇది కొలతల లెక్క. కింద ఇద్దరు మగాళ్లు పట్టేంత ఎత్తు మంచం కావాలి. అలాగని మధురవాణి స్టూలు వేసుకుని ఎక్కేంత ఎత్తూ కాకూడదు. ప్రేక్షకుల వైపు దుప్పటి వేలాడకూడదు, వేలాడితే లోపల జరిగే తమాషా ఎవరికీ కనపడదు. ఇక చీపురు. కొత్త ఈనెల చీపురైతే పంతులు వేషం వేసినవాడి వీపు నిజంగానే వాస్తుంది. మెత్తటి పూల చీపురైతే దెబ్బ చప్పుడు వెనక వరసకి చేరదు. అందుకని బాగా వాడి ఈనెలు మెత్తబడిన చీపురు వెతుక్కోవాలి, దెబ్బ వీపు మీద కాక మంచం కోడు మీద పడేలా అభ్యాసం చేయించాలి. ఇంతా చేసి ఆ చీపురుకి ప్లాస్టిక్ పిడి ఉందంటే గురజాడ కాలం కాస్తా గాల్లో కలిసిపోతుంది.

అదే నాటకంలో పేకముక్కలున్నాయి, చుట్టలున్నాయి, ఉత్తరాలున్నాయి, వీటన్నిటికీ మించి ఒక కంటె ఉంది. కంటె చుట్టూ సగం కథ తిరుగుతుంది. ఆ నగ కనపడకపోయినా, రేకులా తేలిపోయినా రామప్పంతులి ఆందోళనకి అర్థం లేకుండా పోతుంది. దాన్ని బంగారంతో చేయించాలా అంటే అక్కర్లేదు. వెనక వరస దాకా మెరిస్తే చాలు. కానీ పాత్రలు దాన్ని పట్టుకునే తీరులో అది బంగారమని తెలియాలి. ఆ రెండో సగం ప్రాపర్టీవాడి చేతిలో లేదు, నటుల చేతిలో ఉంది. ఈ ఉమ్మడి వ్యవహారమే ఈ వృత్తికి మూలసూత్రం.

ఈ సూత్రం చాలా పాతది. భరతుడి నాట్యశాస్త్రంలో ఆహార్యాభినయాన్ని (వేషం, అలంకరణ, వస్తువులతో చేసే అభినయాన్ని) చెప్పే అధ్యాయం వేదిక మీద వాడే నిర్మాణాలను ‘పుస్తం’ అనే పేరుతో మూడు రకాలుగా విడదీసింది. చాప, గుడ్డ, తోలు వంటివి కలిపి కట్టేది సంధిమం. యంత్రంతో కదిలేది వ్యాజిమం. గుడ్డ చుట్టి రూపం తెచ్చేది వేష్టిమం. ఆ తరువాత భరతుడు చెప్పిన జాగ్రత్తలు ఇప్పటి షూటింగుల్లో కూడా చదివి వినిపించదగ్గవి. బరువైన నగలు పెడితే నటుడు అలసిపోతాడు, సొమ్మసిల్లుతాడు, కాబట్టి లక్కతోనూ పల్చటి రేకుతోనూ చేయాలన్నాడు. ఆయుధాన్ని నిజంగా ప్రయోగించకూడదు, కొట్టినట్టు సంజ్ఞ చేయాలన్నాడు. రంగస్థలం మీద నిజమైన వస్తువు పనికిరాదన్న సంగతి ఇంత స్పష్టంగా చెప్పినవాళ్లు ప్రపంచంలోనే తక్కువ.

అయితే భరతుడు చెప్పిన దానికి ఒక సవరణ అవసరం. ప్రతి వస్తువునీ తేలిక చేయడం కుదరదు. భీముడి గదని తేలిక చేయాలి, సూట్‌కేసుని బరువెక్కించాలి. పౌరాణిక నాటకంలో గద అంటే లోపల వెదురు, పైన కాగితమూ గుడ్డా, ఆ పైన బంగారు రంగు. ఈ మధ్య థర్మాకోలు, ఫైబరు వచ్చాయి. ఎత్తితే పిల్లవాడైనా తిప్పగలడు. నటుడు మోకాళ్లు కొంచెం వంచి, భుజం దించి, ఊపిరి బిగబట్టి దాన్ని లేపుతాడు. దించేటప్పుడు తబలా మీద ఒక దెబ్బ పడుతుంది. ప్రేక్షకుడు నమ్మేస్తాడు. సాంఘిక నాటకంలో ఊరి నుంచి వచ్చిన కొడుకు ఖాళీ సూట్‌కేసుతో అడుగుపెడితే మాత్రం ఎంత నటించినా లాభం లేదు. పెట్టె చేతికింద ఊగుతుంది, నేల మీద పెట్టగానే డొల్ల చప్పుడవుతుంది, హాల్లో ఎవడో ఒకడు కిసుక్కున నవ్వుతాడు. కారణం తేలికే. హాల్లో కూర్చున్నవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు సికింద్రాబాద్ స్టేషన్లో పెట్టెలు మోసినవాళ్లే. గద మోసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. అందుకే తెలిసినవాడు పెట్టెలో పాత పేపర్లో ఇటుకలో పెడతాడు, కాఫీ కప్పులో సగానికి నీళ్లు పోస్తాడు. ఖాళీ కప్పుతో కాఫీ తాగడం ఎంత పెద్ద నటుడికైనా చేతకాదు. మణికట్టు అబద్ధం చెప్పదు.

జనానికి తెలిసిన వస్తువుకి బరువు పెట్టాలి, తెలియని వస్తువుకి బరువు తీయాలి. ప్రాపర్టీ పనిలో సగం వివేకం ఈ రెంటికీ తేడా పట్టడమే.

తెలుగు నాటకంలో ఈ విద్య తరాలుగా నిలిచిన చోటు సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’ ఆడించడంతో మొదలైన ఆ నాటక సమాజం, కుటుంబాలుగా విస్తరించి, ఒక శాఖ హైదరాబాదు లింగంపల్లి దగ్గర సురభి కాలనీలో స్థిరపడింది. అక్కడ ప్రాపర్టీకి వేరే మనిషి ఉండడు. సాయంత్రం కృష్ణుడు వేసినవాడే పొద్దున మేకులు కొడతాడు, పాత్ర లేని వేళ తీగలు లాగుతాడు. వాళ్ల ‘మాయాబజార్’లో బాణాలు గాల్లో ఎదురెదురుగా వచ్చి నిప్పురవ్వలతో ఢీకొంటాయి. నారదుడు మేఘం మీద దిగుతాడు. ఇవన్నీ భరతుడు వ్యాజిమం అన్న కోవలోవే, సన్నటి తీగల మీదా తాళ్ల మీదా నడుస్తాయి. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన సురభి బాబ్జీకి పద్మశ్రీ వచ్చింది. ఆయనను నటుడిగా, దర్శకుడిగా గౌరవించారు, సబబే. కానీ సురభి ఆట చూసి ఇంటికి వెళ్లేవాళ్లు దారి పొడవునా మాట్లాడుకునేది ఆ బాణాల గురించే. సురభిని పద్యాల కోసం చూస్తామనేవాళ్లు కొంత అతిశయోక్తి చెబుతారని ఒప్పుకోవాల్సిందే.

పద్యనాటకానికి దూరంగా, పరిషత్తు పోటీల నాటికలది ఇంకో తరహా. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు దగ్గర్నుంచి ఈనాటి ఊరూరి పోటీల దాకా ఒకే వేదిక మీద ఒకదాని వెంట ఒకటి నాటికలు పడతాయి. ఒక బృందం దిగుతుంటే ఇంకో బృందం ఎక్కుతుంది. మధ్యలో దొరికే కొద్ది నిమిషాల్లో ఇల్లు ఆసుపత్రి అవ్వాలి. ఇక్కడ ప్రాపర్టీవాడి తెలివి ఎన్ని వస్తువులు తెచ్చాడన్నదాంట్లో కాదు, ఎన్ని తేకుండా నెట్టుకొచ్చాడన్నదాంట్లో తెలుస్తుంది. ఒక సెలైన్ స్టాండూ ఒక తెల్ల దుప్పటీ ఉంటే ఆసుపత్రి అయిపోతుంది. అన్నీ ఒక ట్రంకుపెట్టెలో సర్దుతారు, ముందు కావాల్సింది పైన ఉండేలా. వేదిక వింగ్ పక్కన ఒక బల్ల, దాని మీద కాగితం పరిచి ప్రతి వస్తువు చుట్టూ గీత గీసి పేరు రాసుకోవడం చాలా దేశాల రంగస్థలాల్లో ఉన్న అలవాటు. ఖాళీ గీత కనపడిందంటే వస్తువు లోపల ఉండిపోయినట్టు లెక్క. ఉత్తరం చదివే సన్నివేశం ఉంటే ఆ కాగితం మీద ఉత్తరం మొత్తం నిజంగానే రాసి ఉంచుతారు, వచనం మరచిపోయే నటులు ఎప్పుడూ ఉంటారు గనక.

కెమెరా వచ్చాక లెక్క తిరగబడింది. నాటకంలో వస్తువు ముప్పై అడుగుల దూరానికి కనపడాలి, కాబట్టి గీత పెద్దది, రంగు ముదురు. కెమెరా జానెడు దూరం నుంచి చూస్తుంది. కొత్త ఇత్తడి చెంబు తెస్తే దుకాణం వాసన తెర మీద కొడుతుంది. అందుకని వస్తువుకి వయసు పోయాలి. కాగితాన్ని టీ డికాషన్‌లో ముంచి ఆరబెడతారు, కర్రని ఉప్పుకాగితంతో రుద్దుతారు, అంచుల్లో, చెయ్యి పడే చోట్ల మాత్రమే. అంతటా సమానంగా మాసిన వస్తువు పాతదిగా కాక మురికిగా కనిపిస్తుంది. పట్టుకునే చోట నున్నబడి, పట్టుకోని చోట దుమ్ము పట్టి ఉంటేనే అది ఒక ఇంట్లో బతికిన వస్తువు.

విజయా వారి ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. దర్శకుడు కె.వి.రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ, కళాదర్శకులు గోఖలే, కళాధర్. ఆ సినిమాలో ఘటోత్కచుడి విందు గుర్తున్నంతగా, చాలామందికి సినిమా కథ గుర్తుండకపోవచ్చు. పళ్లేలూ గంగాళాలూ ఒకదానికొకటి పొంతన కుదిరేలా పేర్చడం, ఖాళీ అయ్యేవి ఖాళీ అవుతూ ఉంటే మిగతావి కదలకుండా నిలవడం, కెమెరా పనితో సమానంగా ప్రాపర్టీ పని. అదే కథలో ప్రియదర్శిని పెట్టె, కదిలే కంబళి, తల్పం కూడా పాత్రల లెక్కలోకే వస్తాయి. సినిమాను తెలుగులోనూ తమిళంలోనూ కలిపి తీశారు కాబట్టి ఆ గంగాళాలు రెండు భాషల్లో వడ్డించాయి.

గద విషయానికి మళ్లీ వస్తే, 2015లో వచ్చిన ‘బాహుబలి’కి సాబు సిరిల్ బృందం వేల సంఖ్యలో ఆయుధాలు తయారుచేసింది. కత్తులకు ఉక్కు బదులు తేలికైన కార్బన్ ఫైబర్ వాడారు. రెండో భాగంలో భల్లాలదేవుడి రథాన్ని నడిపింది మోటార్‌సైకిల్ ఇంజన్. లక్క పోయి కార్బన్ ఫైబర్ వచ్చింది, తాళ్లు పోయి ఇంజన్ వచ్చింది. భరతుడి మాట మాత్రం అలాగే ఉంది.

తెలుగు సినిమా మద్రాసులో ఉన్నప్పుడు పెద్ద స్టూడియోలకు సొంత ప్రాపర్టీ గదులుండేవి. పరిశ్రమ హైదరాబాదుకు రావడం దశాబ్దాల పాటు సాగింది. 1950ల్లో అమీర్‌పేట దగ్గర సారథీ స్టూడియో, 1970ల మధ్యలో అన్నపూర్ణ, తరువాత పద్మాలయా, రామానాయుడు, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ. నిర్మాతలూ నటులూ జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండల మీద ఇళ్లు కట్టుకున్నారు. చేతిపనివాళ్లు కింద ఉండిపోయారు: కృష్ణానగర్, యూసఫ్‌గూడ, రహ్మత్‌నగర్, బోరబండ, మోతీనగర్. మోతీనగర్‌లో అద్దె ఇంట్లో ఉండే ఆర్ట్ అసిస్టెంటుకి ఈ చోటులో ఒక లాభం ఉంది. కల్యాణ్‌నగర్ మీదుగా దిగితే యూసఫ్‌గూడ, అక్కడి నుంచి స్టూడియోలు. ఇటువైపు ఎర్రగడ్డ, అక్కడ ఆదివారం సంత. ఆ సంతలో చెడిపోయిన గడియారాలు, రంగుపోయిన ట్రంకుపెట్టెలు, మూతలేని ఫ్లాస్కులు దొరుకుతాయి. మామూలు కొనుగోలుదారు పనిచేసే గడియారం కోసం బేరమాడతాడు. ఇతను పనిచేయని గడియారం కోసం ఆడతాడు, అమ్మేవాడికి అర్థం కాదు. పాతనగరం వైపు గురువారం నడిచే జుమేరాత్ బజారూ ఇలాంటిదే. లాయరు గారి బీరువా నింపాలంటే కోఠీలో కేజీల లెక్కన పాత పుస్తకాలు కొనాలి.

దొరకనిది అద్దెకి తెస్తారు. కోర్టు బోను, పోలీస్ స్టేషన్ బల్ల, ఆసుపత్రి మంచం, జమీందారు సోఫా ఏ కథకైనా కావాల్సినవే కాబట్టి అద్దె సామాను చేతులు మారుతూనే ఉంటుంది. ఒక సీరియల్లో మామగారు కూర్చున్న సోఫా ఇంకో సీరియల్లో వియ్యంకుడి హాల్లో ప్రత్యక్షమవుతుంది. దీన్ని కనిపెట్టే ప్రేక్షకులు ఉన్నారు, వాళ్లకి భయపడే ప్రాపర్టీవాళ్లూ ఉన్నారు.

అసలు భయం మాత్రం కాలం గురించి. వస్తువు ఏ ఏడాదిదో తప్పితే దర్శకుడికి తెలియకపోయినా జనానికి తెలుస్తుంది. 1965 నాటి ఉత్తరం మీద ఆరంకెల పిన్‌కోడు ఉండకూడదు, అది 1972 ఆగస్టు 15న మొదలైంది. రూపాయి గుర్తు 2010లో వచ్చింది, అంతకు ముందరి దుకాణం బోర్డు మీద అది కనిపిస్తే తప్పే. హైదరాబాదు కారు నంబరు ప్లేటు 2014 జూన్ ముందు కథకి ఏపీ, ఆ తరువాత టీఎస్, 2024 మార్చి నుంచి కొత్త బండికి టీజీ. మధ్యతరగతి ఇంటి గోడకి వెంకట్రామా క్యాలెండర్ తగిలిస్తే ఇల్లు సగం అయిపోయినట్టే, కానీ సంక్రాంతి సన్నివేశంలో దాని మీద ఆగస్టు పేజీ ఉండకూడదు. ఏడాదికి ఏడాది, నెలకి నెల సరిపోయేలా పాత క్యాలెండర్లు దాచుకున్నవాడికి ఈ వృత్తిలో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

ఇక తిండి. హీరో ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకోవాలి, టేకు బాగాలేదు, మళ్లీ. ప్రతి టేకుకీ తుంచని ఇడ్లీ అదే చోట, అంతే చట్నీ, అదే గిన్నె కావాలి. ఫోన్లో ఫోటో తీసుకుని దాంతో సరిచూసుకుంటారు. మద్యం అంటే టీ డికాషనో కూల్‌డ్రింకో. షుగరున్న నటుడికి లడ్డూ తినే సన్నివేశం పడితే ముందే అడిగి తెలుసుకోవడం కూడా ప్రాపర్టీవాడి పనే, డాక్టరు పని కాదు.

ప్రమాదం ఉన్నచోట ఈ వృత్తి చట్టానికి ఎదురవుతుంది. డబ్బు కట్టలు అచ్చం నోట్లలా ఉంటే షాటు బాగుంటుంది గాని, కరెన్సీని పోలిన కాగితం అచ్చువేయడం పాత శిక్షాస్మృతిలో 489-ఇ కింద నేరం, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 182వ సెక్షన్ కింద నేరం. అందుకే సినిమా నోట్ల మీద రిజర్వ్ బ్యాంకు పేరుండదు, ‘చిల్డ్రన్ బ్యాంక్’ అనో ‘షూటింగ్ కోసం మాత్రమే’ అనో ఉంటుంది. తుపాకీ సంగతి ఇంకా తీవ్రం. 2021 అక్టోబర్ 21న అమెరికాలోని న్యూ మెక్సికోలో ‘రస్ట్’ అనే సినిమా చిత్రీకరణలో, ప్రాపర్టీ అనుకున్న తుపాకీలోంచి నిజమైన గుండు దూసుకొచ్చి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది. ఆయుధాల బాధ్యత చూసినామెకు 2024లో జైలుశిక్ష పడింది. ఆయుధం నిజంగా ప్రయోగించకూడదన్న నాట్యశాస్త్ర నియమాన్ని కళాసూత్రంగా బోధిస్తున్నారు గాని, ముందు దాన్ని భద్రతా నియమంగా చదవాలి.

షూటింగ్ ముగిశాక సామాను లెక్కచూసి, అద్దెవి తిరిగిచ్చి, విరిగినవాటికి పరిహారం కట్టి, మిగిలినవి గోడౌన్‌కి చేరిస్తే పని పూర్తి. అందరూ వెళ్లిపోయాక చివరగా వెళ్లేది ఈ విభాగమే, పొద్దున్నే అందరికన్నా ముందు రావాల్సిందీ ఇదే. పేరు పడేది మాత్రం చివరన, సన్న అక్షరాల్లో, అదీ పడితే. థియేటర్లో అప్పటికి లైట్లు వెలుగుతాయి, ఓటీటీలో అప్పటికి వచ్చే ఎపిసోడు మొదలవుతుంది. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ప్రొడక్షన్ డిజైన్‌కు విభాగం ఉంది, నంది అవార్డుల్లో కళాదర్శకుడికి ఉండేది. ప్రాపర్టీకి విడిగా ఎక్కడా లేదు. తెలుగు రాష్ట్రాలు రెండూ నాటకాలకీ సినిమాలకీ బహుమతులిచ్చేటప్పుడు ఈ ఒక్క విభాగం కలపాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు.